లాల్ బంగ్లా పక్కన గోల్ఫ్ మైదాన్

మన ఇళ్ళల్లో గోల్ఫ్ ఊసెత్తితే ముందు నవ్వుతారు. క్రికెట్ అయితే గల్లీకో టీము ఉంటుంది. పతంగులు, క్యారమ్ బోర్డు, కుస్తీ ఇవన్నీ మనవే అనుకుంటాం. గోల్ఫ్ మాత్రం బడే లోగోంకా ఖేల్. "అంత పెద్ద మైదాన్లో ఇంత చిన్న గోలీ వెతుక్కుంటూ తిరగడానికి పైసలు కూడా కట్టాలా?" అని మా బేగమ్ ఇప్పటికీ అడుగుతుంది. సవాల్లో దమ్ముంది. నా దగ్గర జవాబ్ పూర్తిగా లేదు. ఉన్నంతవరకు ఈ రోజు చెప్తాను.

నేను ఈ ఆట నేర్చుకుంది యాభై దాటాక. బ్యాంకు నౌకరీలో విశాఖపట్నం ట్రాన్స్‌ఫర్ అయింది. షుగర్ హద్దు దగ్గరికొచ్చి నిలబడింది. రోజూ నడవాల్సిందే అన్నాడు డాక్టర్. ఖాళీగా నడవడం నా మిజాజ్‌కి పడదు. మా మేనేజర్ ఒకాయన ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకి తీసుకెళ్ళి, చేతిలో ఒక ఇనుప కర్ర పెట్టాడు. నెల రోజులు గడ్డి పెళ్ళలు లేచాయి తప్ప బంతి లేవలేదు. ఆ తర్వాత ఒక రోజు లేచింది. బంతి కర్ర నడిమధ్య తగిలినప్పుడు చేతికి ఏమీ తెలియదు, వెన్న కోసినట్టు ఉంటుంది. ఆ ఒక్క దెబ్బ కోసం మిగతా తొంభై తొమ్మిది భరిస్తాడు మనిషి. నషా అంటే అదే.

అయితే ఈ శౌఖ్ గురించి నేను మా అబ్బాకి ఎప్పుడూ ఖుల్లాగా చెప్పలేదు. ఎందుకంటే అబ్బా సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో ముప్పై ఏళ్ళు బేరర్‌గా చేశారు. తెల్ల కోటు, నడుముకి పట్టీ, తలకి పగిడీ. అక్కడి కుర్చీలన్నీ ఆయన చేత్తో తుడిచినవే. ఒక్క దాంట్లో కూడా కూర్చోలేదు. ఆ క్లబ్బు గురించి ఇంట్లో ఒక్క షికాయత్ చేసిన గుర్తు లేదు. ఒక్క ఆదత్ మాత్రం ఉండేది. డ్యూటీ నుంచి వచ్చాక మేం పరుగెత్తి గ్లాసుతో నీళ్ళు తెస్తే తీసుకునేవారు కాదు. తనే లేచి వెళ్ళి కుండలో ముంచుకుని తాగేవారు. "దినమంతా తెచ్చిచ్చేవాణ్ణి నేను. నాకు ఎవరూ తెచ్చివ్వొద్దు" అనేవారు. ఆయన ఇంతిఖాల్ అయి పదకొండేళ్ళు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా చిన్నోడికి ఢిల్లీలో ఉద్యోగం. మొన్న ఫిబ్రవరి ఆఖర్లో వాడి దగ్గరికి వెళ్ళాం. వాడి ఆఫీసులో ఒక పెద్దాయన ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ మెంబర్. అక్కడ ఎవరు పడితే వాళ్ళు వెళ్ళి ఆడే వీలుండదు. మెంబర్ వెంట మెహమాన్‌గా వెళ్ళాలి. "మీ వాలిద్ ఆడతారట కదా, తీసుకురా" అన్నాడట. వాడు నాతో అడగకుండానే హాఁ అనేశాడు.

క్లబ్బు ఉన్న సడక్ పేరు డాక్టర్ జాకిర్ హుస్సేన్ మార్గ్. బోర్డు చూడగానే దిల్ కొంచెం పొంగింది. మన రాష్ట్రపతి అయిన మొదటి ముస్లిం ఆయన, పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 1897లో. పక్కనే నిజాముద్దీన్ ఔలియా దర్గా, హుమాయూన్ మఖ్బరా. సడక్ మీద బూరుగు చెట్లు ఆకులన్నీ రాల్చి ఎర్రటి పూలతో నిలబడి ఉన్నాయి. చలి పోతూ పోతూ పొద్దున పూట ఒకసారి పలకరించి వెళ్ళే మౌసమ్.

గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే కనిపించేది లాల్ బంగ్లా. బంగ్లా అంటే ఇల్లు కాదు, ఎర్ర రాతి మఖ్బరాలు. మొగల్ బాద్షా రెండో షా ఆలమ్ తల్లి లాల్ కున్వర్ ఖబర్ ఇక్కడే ఉందని అంటారు. 1788లో గులామ్ ఖాదిర్ కళ్ళు పొడిపించాడే, ఆ షా ఆలమే. సల్తనత్ మొత్తం కరిగిపోతున్న కాలంలో కట్టిన ఇమారత్‌లు ఇవి. తాజ్ మహల్ లాంటి షాన్ లేదు. అయినా గుంబజ్ మీద పొద్దుటి ఎండ పడుతుంటే నేను బ్యాగ్ కింద పెట్టి అలాగే నిలబడిపోయాను. నా ముందు నుంచి ఒకాయన తెల్ల బూట్లతో, చేతికి గ్లౌజ్ తొడుక్కుంటూ, ఫోన్‌లో మాట్లాడుతూ వెళ్ళిపోయాడు. రోజూ చూసేవాళ్ళకి ఖబరస్తాన్ కూడా రాస్తా అయిపోతుంది.

ఇక్కడ ఇన్ని మఖ్బరాలు ఎందుకున్నాయంటే, ఔలియా పక్కన మట్టిలో కలిస్తే బర్కత్ అని నమ్మినవాళ్ళు వందల ఏళ్ళ పాటు ఈ చుట్టుపక్కల ఖబర్లు కట్టుకున్నారు. 1911లో ఇంగ్రేజ్‌లు రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చారు. కొత్త షహర్ లేస్తుంటే, సాహెబ్‌లకి ఆడుకోవడానికి ఈ జంగల్, ఈ ఖబర్ల మధ్యే 1930ల మొదట్లో గోల్ఫ్ మైదాన్ వేశారు. ఇప్పుడున్న క్లబ్ 1950లో రిజిస్టర్ అయింది. బ్రిటిష్ ఓపెన్‌ని అయిదు సార్లు గెలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు పీటర్ థామ్సన్ 1970లలో ఈ లోధీ కోర్స్ నక్షా మార్చి గీశాడు. ఆ తర్వాత 2019లో దక్షిణాఫ్రికా దిగ్గజం గ్యారీ ప్లేయర్ చేతిమీదుగా మరోసారి మారింది. బాద్షాల నేల మీద ఇంగ్రేజ్‌ల ఆట, ఆ ఆటకి ఆస్ట్రేలియా వాడి నక్షా. ఢిల్లీ అంటేనే అలాంటి ఖిచిడీ.

ఆట తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. మొత్తం పద్దెనిమిది హోళ్ళు. ఒక్కోదానికీ టీ నుంచి మొదలుపెడతారు. టీ అంటే చాయ్ కాదు, మొదటి దెబ్బ కొట్టే చోటు. అక్కడి నుంచి కత్తిరించిన గడ్డి దారి, ఆ చివర ఖాలీన్ పరిచినట్టు నున్నటి గ్రీన్, అందులో నాలుగుంబావు అంగుళాల వెడల్పు గుంత. ఎన్ని తక్కువ దెబ్బల్లో బంతిని అందులో వేస్తే అంత గొప్ప. ఇక్కడ బాగా ఆడేవాళ్ళ లెక్క మొత్తం మీద 72. దాన్నే పార్ అంటారు. సంచీలో పద్నాలుగు కర్రల దాకా పెట్టుకోవచ్చు. అందుకే సంచీ బరువు.

ఆ సంచీ దగ్గరే నాకు ముష్కిల్ మొదలైంది.

విశాఖలో నా బ్యాగ్ నేనే చక్రాల బండి మీద లాక్కునేవాణ్ణి. ఇక్కడ మెజ్బాన్ నా కోసం కూడా ఒక క్యాడీని మాట్లాడారు. వచ్చినాయనకి నాకన్నా రెండు మూడేళ్ళు ఎక్కువే ఉంటాయి. తెల్ల గడ్డం, నెత్తిన టోపీ, కాళ్ళకి అరిగిన క్యాన్వాస్ బూట్లు. సలామ్ చెప్పి, బ్యాగ్ భుజానికి ఎత్తుకున్నాడు. నా గుండెలో ఏదో కలుక్కుమంది. అబ్బా పగిడీ గుర్తొచ్చింది.

"భాయ్‌సాబ్, నేను పట్టుకుంటాను, అలవాటే నాకు" అని పట్టీ మీద చెయ్యి వేశాను.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చెయ్యి మెల్లగా తీశాడు. "సాబ్, బోఝా తో గధా భీ ఉఠాతా హై. మై రాస్తా బతాతా హూ" అన్నాడు. బరువు గాడిద కూడా మోస్తుంది, నా పని దారి చూపడం అని. "ముప్పై ఏళ్ళుగా ఈ నేల మీదే తిరుగుతున్నా. మీరు కొట్టండి, నేను చూస్తా" అన్నాడు.

మొదటి టీ మీద నిలబడి చూస్తే, విశాఖకీ దీనికీ పోలికే లేదని అర్థమైంది. అక్కడ దుష్మన్ గాలి. సముద్రం నుంచి వచ్చి బంతిని ఎటో తోసేస్తుంది, కానీ చూపుకి అడ్డం ఉండదు. ఇక్కడ గాలి లేదు. దుష్మన్ చెట్లు. వేపలు, కీకర్ తుమ్మలు, వాటి కింద దట్టంగా ముళ్ళ పొదలు. వాటి మధ్యలో ఇంటి ముందు గల్లీ అంత సన్నంగా గడ్డి దారి. దారిలో ఉంటే జన్నత్. నాలుగు అడుగులు పక్కకి పోతే బంతి మీద ఆశ వదులుకోవడమే. మెజ్బాన్ ఆ దగ్గర్లోనే ఉంటారు, దమ్మున్న మనిషి. పెద్ద కర్ర డ్రైవర్ తీశారు. నేను కూడా దాని మీద చెయ్యి వేశాను.

క్యాడీ భాయ్‌సాబ్ తల అడ్డంగా ఆడించి, "పాంచ్ నంబర్" అంటూ చిన్న ఇనుప కర్ర అందించాడు. "సాబ్, యహా తాఖత్ నహీ చల్తీ. సబర్ చల్తా హై."

ఆయన మాట విన్నాను. బంతి దూరం పోలేదు కానీ దారి మధ్యలో పడింది. మెజ్బాన్ బంతి ఠక్కున ఒక కీకర్ బోదెకి తగిలి పొదల్లోకి దూకింది. ఒక మగ నెమలి తోక ఈడ్చుకుంటూ, మేమెవరం అన్నట్టు ఒకసారి చూసి, దారికి అడ్డంగా నడిచి వెళ్ళింది. అది పూర్తిగా దాటేదాకా ఎవరూ కొట్టలేదు. ఈ మైదాన్లో నెమలికి ఉన్న ఇజ్జత్ మెంబర్లకి కూడా ఉండదేమో.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం ఒకటుంది. మామూలుగా ఆడేటప్పుడు అంపైర్ ఉండడు. నీ దెబ్బలు నువ్వే లెక్కపెట్టుకోవాలి. ఆ రోజు ఒక హోల్ దగ్గర మెజ్బాన్ బంతి కోసం ఒంటరిగా పొదల వెనక్కి వెళ్ళారు. మాకు ఆయన తల కూడా కనిపించడం లేదు. బయటికొచ్చి, "ఎండుటాకు తీస్తుంటే బంతి కదిలింది, నాకో దెబ్బ కలపండి" అన్నారు. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. అమానత్ గురించి మనం పిల్లలకి ఎన్ని ఖిస్సాలు చెప్తాం! అది కళ్ళ ముందు జరిగితే ఇలా ఉంటుంది, చాలా మామూలుగా, ఆకులు దులుపుకుంటూ.

హ్యాండిక్యాప్ అని ఇంకో ఇంతెజామ్ ఉంది. బలహీనంగా ఆడేవాడికి అతని స్థాయిని బట్టి కొన్ని దెబ్బలు మాఫీ ఇస్తారు. నాకు 24. అంటే నా మొత్తంలోంచి 24 తీసేసి లెక్కిస్తారు. అందుకే అరవై దాటిన నాలాంటివాడు పాతికేళ్ళ కుర్రాడితో బరాబర్ పోటీ పడొచ్చు. ఇన్సాఫ్ అంటే అందరికీ ఒకే కొలత పెట్టడం కాదని ఈ ఆట కనిపెట్టి చాలా ఏళ్ళయింది.

ఆరేడు హోళ్ళు అయ్యాక నేను గమనించాను, క్యాడీ భాయ్‌సాబ్ నన్ను చదివేశాడు. అడక్కుండానే కర్ర అందిస్తున్నాడు. గ్రీన్ మీద వంగి, కళ్ళు సగం మూసి, "ఏక్ కప్ లెఫ్ట్" అనేవాడు. గుంతకి ఒక గుంత వెడల్పు ఎడమకి కొట్టమని. నా కళ్ళకి ఆ నేల చదునుగానే కనిపించేది. ఆయన చెప్పినట్టు కొడితే బంతి చివర్లో మెల్లగా కుడికి వంగి లోపలికి పోయేది. నేల వంపు ఆయన కాళ్ళకి తెలుసు. ఏ చెట్టు వేరు ఎక్కడి దాకా పాకిందో, ఏ గడ్డి మీద మంచు ఎంతసేపు నిలుస్తుందో, అన్నీ తెలుసు. బ్యాగ్ గురించి నాకున్న ఇబ్బంది ఎప్పుడు పోయిందో తెలియదు. ఉస్తాద్ వెనక నడిచే షాగిర్ద్‌లా ఆయన వెనక నడుస్తున్నాను.

దారి పక్కన ఒక పాత ఇటుకల ఇమారత్ వచ్చింది. గోడల మీద ఒకప్పటి రంగు పెంకుల ఆనవాళ్ళు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. సయ్యద్ ఆబిద్ మఖ్బరా. క్యాడీ భాయ్‌సాబ్ బ్యాగ్ భుజం నుంచి దించి నిలబెట్టాడు. టోపీ సర్దుకుని, రెండు చేతులూ ఎత్తి, పెదాలు కదిలించాడు. ఫాతిహా. అర నిమిషం కూడా పట్టలేదు. నేను కర్రని చెట్టుకి ఆనించి, గ్లౌజ్ తీసి, చేతులు ఎత్తాను. మెజ్బాన్ మా మజహబ్ కాదు. క్యాప్ తీసి చేత పట్టుకుని, మా దువా అయ్యేదాకా కదలకుండా నిలబడ్డారు. ఆ మఖ్బరాలో పడుకున్నాయన గురించి నాకు పేరు తప్ప ఏమీ తెలియదు. ఆయన వారసులు ఎవరో, ఎక్కడున్నారో. దువా పంపడానికి మాత్రం ఒక మనిషి రోజూ వస్తున్నాడు, ఎవరిదో సంచీ మోసుకుంటూ.

"రోజూ చేస్తారా?" అన్నాను.

"వాళ్ళ ఆంగన్‌లోంచి పోతున్నాం కదా సాబ్. సలామ్ చెప్పకుండా ఎలా పోతాం?" అన్నాడు.

ఆ తర్వాత మాటల్లో అలీ షేర్ పేరు వచ్చింది. మన పిల్లల్లో చాలామందికి ఈ పేరు తెలియదు, అఫ్సోస్. ఇదే మైదాన్లో క్యాడీగా సంచీలు మోసి, చూసి చూసి ఆట నేర్చుకున్న మనిషి అలీ షేర్. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అంతకుముందు 1965లో పి.జి. సేఠీ అనే అమెచ్యూర్ ఒక్కరే ఆ టోర్నీ గెలిచిన హిందుస్తానీ. ప్రొఫెషనల్స్‌లో అలీ షేరే మొదటివాడు. తుక్కా అనుకున్నవాళ్ళ నోళ్ళు మూయించడానికి 1993లో మళ్ళీ గెలిచాడు. తర్వాతి తరంలో ఢిల్లీ కుర్రాడు రషీద్ ఖాన్ ఆసియా స్థాయిలో టైటిళ్ళు కొట్టాడు.

"ఆ రోజు చూశారా మీరు?" అని అడిగాను.

"చూశా సాబ్. అలీ భాయ్ ఆఖరి గుంతలో బంతి వేసినప్పుడు మేమందరం ఏడ్చాం. ఇంటికెళ్ళి మా అమ్మీకి చెప్పా, ఈ రోజు మేం గెలిచాం అని. ఎంత డబ్బు అంది. నాకేం రాలేదు అమ్మీ, గెలిచాం అంతే అన్నా." ఇది చెప్తూ మొదటిసారి నవ్వాడు. ముందు పన్ను ఒకటి లేదు.

ఆ నవ్వు చూస్తూ నేను అబ్బా గురించే ఆలోచించాను. ఏ సాహెబ్‌కి చాయ్‌లో ఎన్ని చెంచాల చక్కెరో, ఎవరికి ఏ రోజు దిల్ బాగాలేదో, ఏ టేబుల్ కాలు కదులుతుందో అబ్బాకి తెలుసు. ముప్పై ఏళ్ళ ఇల్మ్ అది. ఆ క్లబ్బులో ఎవరైనా ఒక్కరోజు ఆయన్ని పక్కన నిలబెట్టి "భాయ్‌సాబ్, మీరు చెప్పండి" అని అడిగారో లేదో! అడిగి ఉంటే ఇంటికొచ్చి ఆ నీళ్ళ గ్లాసు మా చేతిలోంచి తీసుకునేవారేమో. ఇది నా ఖయాల్ మాత్రమే. అడగడానికి ఆయన లేరు.

చివరికి నా లెక్క 98. అందులో 24 పోతే 74. పార్‌కి రెండు ఎక్కువ. నా వయసుకి, మొదటిసారి అడుగుపెట్టిన మైదాన్లో, ముళ్ళ పొదల మధ్య అది మంచి లెక్కే. బంతులు మూడే పోయాయి. మెజ్బాన్‌కి ఎనిమిది. స్కోర్ కార్డ్ మీద నా పేరు కింద క్యాడీ భాయ్‌సాబ్ పేరు కూడా రాయమన్నాను. ఆయన వద్దన్నా రాశాను.

ఆడబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే నాలుగు మాటలు. మెంబర్ తోడు దొరికితే చలికాలం చివర్లో వెళ్ళండి, పొద్దున్నే. నడిచే ఆడండి. ఈ నేల కాళ్ళకే అర్థమవుతుంది. పెద్ద కర్ర సంచీలోనే ఉంచండి. క్యాడీ చెప్పింది వినండి, ముఖ్యంగా మీ ఉద్దేశం వేరేగా ఉన్నప్పుడు. ఆటకి ముందు లాల్ బంగ్లా దగ్గర అయిదు నిమిషాలు నిలబడండి. తర్వాత మీకు తొందర మొదలవుతుంది.

ఆ రాత్రి అమ్మీకి ఫోన్ చేశాను. ఎనభై నాలుగేళ్ళు. చెవి కొంచెం తక్కువ, సవాళ్ళు మాత్రం తక్కువ కావు. నెమళ్ళ గురించి, లాల్ కున్వర్ ఖబర్ గురించి, జాకిర్ హుస్సేన్ సడక్ గురించి చెప్పాను. 74 అని కూడా చెప్పాను. అమ్మీకి 74 పట్టలేదు.

"సంచీ మోసినాయనకి చాయ్ తాగించావా?" అంది.

"తాగించాను అమ్మీ. బయట చాయ్ బండి ఉంది. ఇద్దరం పక్కపక్కనే బెంచీ మీద కూర్చుని తాగాం."

కాసేపు ఏమీ అనలేదు. లైన్ పోయిందేమో అనుకున్నాను.

"చాయ్ ఎవరు తెచ్చారు?"

"నేనే లేచి వెళ్ళి తెచ్చాను. రెండు గ్లాసులు."

"తీసుకున్నాడా?"

"తీసుకున్నాడు అమ్మీ."

"అచ్ఛా" అంది. తర్వాత, ఇంటికెప్పుడు వస్తున్నారు, ట్రైన్‌లో తినడానికి ఏం పెట్టుకుంటున్నారు అని అడిగింది.